రైలింజనుల వారి తొలి విమానము

జర్మనీలోని కాసెల్ పట్టణమున 1810లో స్థాపితమైన హెన్‌షెల్ సంస్థ 1848 మొదలుకొని రైలింజనుల నిర్మాణమున పేరు గడించెను. ఉక్కును కరిగించి బరువైన యంత్రములు పోతపోయుట వారికి తరతరముల విద్య. అట్టివారు 1933లో విమానములకు పూనుకొనిరి. కారణము ఊహింపదగినదే. వెర్సాయి సంధి జర్మనీకి వైమానికదళము ఉండరాదని 1919లో శాసించెను. హిట్లరు అధికారమునకు వచ్చిన పిమ్మట ఆ దళమును చాటుగా పెంచసాగిరి. 1935లో గాని ఆ మాట బయటపెట్టలేదు. దళమునకు ముందు కావలసినవారు వైమానికులు. వారికి శిక్షణ విమానములు కావలెను.

శ్రోతలు ఇచట ఒక భేదమును గమనింపవలెను. ప్రారంభ శిక్షణ విమానమున రెండు ఆసనములుండును. శిష్యుడు తడబడినచో గురువు తన యెదుట నున్న దండమును పట్టి సరిదిద్దును. యుద్ధవిమానము నడుపబోవువాని శిక్షణకు ఉద్దేశించినదానిలో ఆ కాలమున తరచుగా ఆసనము ఒక్కటే యుండెడిది. ఆకాశమున ఆ యువకుడు ఒంటరి. ఇక అతని పొరపాటును కాచుకొనవలసినది విమాన స్వభావమే. వేగము తగ్గినంతనే అది ఉన్నట్టుండి ఒక ప్రక్కకు ఒరిగిపోరాదు. ఒరుగుటకు ముందు ఏదో యొక సూచన నీయవలెను. దానికి కావలసినది వేగముకంటె ఓర్పు.

హెన్‌షెల్ వారి తొలి విమానమైన హెచ్.ఎస్. 121 ఈ రెండవ తరగతికి చెందినది. 1934 జనవరి 4న అది మొదటిసారి ఎగిరెను. దానికి 240 అశ్వశక్తుల ఆర్గుస్ ఇంజను నమర్చిరి. ఆ ఇంజనులో ఎనిమిది సిలిండర్లు తలక్రిందులుగా వ్రేలాడును. అందుచే విమానపు ముక్కు పల్లమై ఎదుటి దృశ్యమునకు అడ్డురాదు. రెక్కలు మాత్రము సముద్రపక్షి రెక్కలవలె మొదట పైకి లేచి, పిమ్మట ప్రక్కలకు చాచుకొనును. పోలండులో పులావ్‌స్కీ అను ఇంజనీరు 1929లోనే ఈ తీరున యుద్ధవిమానమును నిర్మించి కీర్తి గాంచెను. పైలటుకు ముందుచూపు బాగుండునని ఆశ.

ఆశ ఒకటి, గాలి ఒకటి. విమానము చెప్పినట్లు వినలేదు. దాని నడక శిష్యులకు అప్పగింపదగినది కాదని తేలెను. రెండవదానిని నిర్మింపలేదు. రెక్కను క్రిందికి మార్చి హెచ్.ఎస్. 125 అను మరియొక రూపమును ప్రయత్నించిరి గాని, అదియు పెద్దసంఖ్యలో తయారగు భాగ్యమునకు నోచుకొనలేదు.

దోషమును ఇంజనుపైకి నెట్టుటకు వీలులేదు. ఫోకె-వుల్ఫ్ సంస్థలో కుర్ట్ టాంక్ రూపొందించిన ఎఫ్.డబ్ల్యు. 56కు సైతము ఆర్గుస్ ఇంజనే, శక్తియు అంతే. రెక్క పైననే యుండెను గాని, విరుపు లేక, కమ్ములపై నిలిచిన సాదా రెక్క అది. 1933 నవంబరులో ఎగిరిన ఆ విమానము వందల సంఖ్యలో తయారై శిక్షణాలయములకు చేరెను.

హెన్‌షెల్ వారు వెనుదీయలేదు. 1935లో హెచ్.ఎస్. 123 అను, నిట్టనిలువున దిగి బాంబులు వేయు రెండంతస్తుల రెక్కల విమానమును ఎగురవేసిరి. అది విజయవంతమయ్యెను. 1936లోనే దానిని స్పెయిన్ అంతర్యుద్ధమునకు పంపిరి.