హెచ్-4 పని అనుమతి: అమెరికా ప్రభుత్వంలో మూడు అధికారాలు

1. ఉపోద్ఘాతం

విద్యార్థులారా! కొడుకో కూతురో అమెరికాలో ఉన్న ఇళ్లు తిరువూరు పరిసరాల్లోనూ ఉన్నాయి. హెచ్-1బి వీసాపై ఉద్యోగం చేసేవారి జీవిత భాగస్వామికి హెచ్-4 వీసా ఇస్తారు. ఇంజనీరింగ్ చదివినా, ఆ వీసా ఒక్కదానితో ఉద్యోగం చేయడానికి వీల్లేదు. 2015 నుంచి వీరిలో కొందరికి పని అనుమతి లభిస్తోంది. "అధ్యక్షుడు మారితే మా అమ్మాయి ఉద్యోగం పోతుందా?" అన్నది ఇక్కడి తల్లిదండ్రుల ప్రశ్న. దీనికి జవాబు వెతుకుతూ ఈ పాఠం చదువుదాం.

2. కార్యనిర్వాహక అధికారం

అమెరికా రాజ్యాంగంలోని రెండో అధికరణం ఈ అధికారాన్ని అధ్యక్షుడికి అప్పగించింది. మన మంత్రులు చట్టసభ సభ్యులై ఉండాలి. అక్కడి శాఖాధిపతులు కాంగ్రెస్ సభ్యులుగా ఉండకూడదు. వారిని అధ్యక్షుడు సెనేట్ సమ్మతితో నియమిస్తాడు.

అధ్యక్షుడు విధానానికి దిశ చూపగలడు, కాని చట్టం చేయలేడు. హెచ్-4 పని అనుమతికి కాంగ్రెస్ ప్రత్యేక చట్టమేదీ చేయలేదు. 1952 నాటి వలస, జాతీయత చట్టం తమకు ఇచ్చిన అధికారంతోనే ఒబామా ప్రభుత్వం ఈ మార్పు తెచ్చింది.

3. ఉద్యోగస్వామ్య అధికారం

చట్టం ఇచ్చిన పరిధిలో పాలనా శాఖ చేసే నియమాలను దత్త శాసనం అంటారు. దీనికి 1946 నాటి పరిపాలనా విధాన చట్టం ఒక క్రమం నిర్దేశించింది: ముసాయిదా ప్రచురించాలి, ప్రజాభిప్రాయం స్వీకరించాలి, కారణాలు చెబుతూ తుది నియమం వెలువరించాలి.

హోంలాండ్ సెక్యూరిటీ శాఖ 2014 మే 12న హెచ్-4 ముసాయిదాను ప్రచురించింది. దాదాపు 13,000 అభిప్రాయాలు వచ్చాయి. తుది నియమం 2015 ఫిబ్రవరి 25న వెలువడి, మే 26న అమలులోకి వచ్చింది. హెచ్-1బి ఉద్యోగి గ్రీన్‌కార్డు ప్రక్రియలో నిర్దిష్ట దశకు చేరితేనే ఈ అనుమతి వర్తిస్తుంది.

నియమాన్ని రద్దు చేయాలన్నా ఇదే క్రమం పాటించాలి. ట్రంప్ తొలి ప్రభుత్వం రద్దు చేసే ఉద్దేశాన్ని 2017లోనే ప్రకటించింది. 2019లో ముసాయిదా శ్వేతసౌధం సమీక్షకు చేరింది గాని ప్రచురణ కాలేదు. 2021 జనవరిలో బైడెన్ ప్రభుత్వం దాన్ని ఉపసంహరించుకుంది.

అయితే సరైన కారణం చూపితే ముందస్తు అభిప్రాయ సేకరణ నుంచి మినహాయింపు పొందవచ్చు. గడువు తీరిన అనుమతి 540 రోజుల వరకు దానంతటదే కొనసాగే వెసులుబాటును 2025 అక్టోబరు 30న మధ్యంతర నియమంతో తొలగించారు. హక్కు అలాగే ఉంది. కాని ఆ తేదీ నుంచి రెన్యువల్‌కు దరఖాస్తు చేసినవారు, కొత్త కార్డు వచ్చేలోగా పాతదాని గడువు తీరితే, ఉద్యోగం ఆపవలసి వస్తుంది. ఉద్యోగస్వామ్యపు బలం ఇలాంటి చిన్న నిబంధనల్లో కనిపిస్తుంది.

4. న్యాయాధికారం

1803లో మార్బరీ-మాడిసన్ కేసుతో న్యాయసమీక్ష స్థిరపడింది. న్యాయస్థానం తనంతట తాను జోక్యం చేసుకోదు. నష్టపోయినవారు వ్యాజ్యం వేయాలి. 'సేవ్ జాబ్స్ యూఎస్ఏ' అనే అమెరికన్ ఐటీ ఉద్యోగుల సంస్థ 2015లో ఈ నియమాన్ని సవాలు చేసింది. ఇలాంటి అనుమతి ఇచ్చే అధికారం ఆ శాఖకు లేదన్నది దాని వాదన. వ్యాజ్యం వేసే అర్హత ఆ సంస్థకు ఉందా లేదా అన్నది తేలడానికే 2019 నవంబరు వరకు పట్టింది. 2023లో జిల్లా న్యాయస్థానం, 2024 ఆగస్టు 2న అప్పీలు న్యాయస్థానం శాఖకు అనుకూలంగా తీర్పు చెప్పాయి. 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు ఈ కేసు విచారణకు నిరాకరించింది.

ఇక్కడ విద్యార్థులు తరచుగా పొరబడతారు. విచారణకు నిరాకరించడమంటే నియమాన్ని సమర్థించడం కాదు. కింది తీర్పు నిలుస్తుంది, అంతే. పైగా నియమం చేసే అధికారం శాఖకు ఉందంటే, సరైన క్రమంలో రద్దు చేసే అధికారమూ ఉన్నట్టే.

5. సారాంశం

తల్లిదండ్రుల ప్రశ్నకు జవాబు ఇది: అధ్యక్షుడు మారినంత మాత్రాన అనుమతి పోదు, అలాగని అది శాశ్వతమూ కాదు. కాంగ్రెస్ చట్టం చేస్తే తప్ప దానికి గట్టి పునాది ఏర్పడదు. ఇకపై "అమెరికా నిర్ణయించింది" అన్న వార్త చూసినప్పుడు అది ప్రకటనా, ముసాయిదానా, తుది నియమమా, తీర్పా అని అడగండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. దత్త శాసనం అంటే ఏమిటి? హెచ్-4 నియమం ఆధారంగా వివరించండి.
2. సుప్రీంకోర్టు విచారణకు నిరాకరించడానికి, తీర్పు చెప్పడానికి తేడా ఏమిటి?