జీడిపిక్కయు పలకయు: మారిన పని, మారవలసిన చదువు



ఉద్దానమున జీడిచెట్టు లేని ఊరు లేదు. అయినను ఈ చెట్టు పుట్టుకచేత మనది కాదు. 16వ శతాబ్దమున పోర్చుగీసువారు దీనిని బ్రెజిలునుండి మన దేశపు పడమటి తీరమునకు తెచ్చిరి. అది క్రమముగా తూర్పుతీరపు ఇసుకనేలలయందును వేరూని, నేడు పలాస, వజ్రపుకొత్తూరు, మందస మండలముల రైతులకు ముఖ్యాధారమై యున్నది. కావున దేశాంతర వ్యాపారము నిన్నమొన్న పుట్టినదని ఎవరును తలపరాదు. మారినది దాని వేగము. పూర్వము దూరదేశపు మార్పు మన గడప తొక్కుటకు ఒక తరము పట్టెడిది; ఇప్పుడు ఒక పంటకాలము చాలును. ఆ వేగమునకు తగినట్లు మన పనియు, మన పిల్లల చదువును సిద్ధముగా నున్నవా యను విషయమును ఇందు విచారింతము.

మొదట గోగునార సంగతి చూతము. ఏలయన అది మన కన్నులయెదుటనే జరిగిపోయిన పాఠము. విజయనగరము, శ్రీకాకుళము ప్రాంతముల మెట్టపొలములలో పండిన గోగునార భీమునిపట్నము రేవుమీదుగా విదేశములకు పోయెడిది. ఆ రేవు పేరనే దేశాంతర విపణిలో దానికి ‘బిమ్లీ’ యను పేరు స్థిరపడెను. 1920లో నెల్లిమర్లలో నారమిల్లు వెలసెను; భీమునిపట్నము చెంత చిట్టివలసలోను మిల్లు నడచెను. వీనిని నమ్ముకొని వేలకొలది కుటుంబములు బ్రతికినవి. తరువాత ప్లాస్టికు సంచి వచ్చెను. కొన్ని సరకులను నారసంచులలోనే నింపవలెనని 1987లో కేంద్రప్రభుత్వము చట్టము చేసినను, తేలికగాను చవుకగాను దొరకు ప్లాస్టికును అది పూర్తిగా అడ్డుకొనజాలలేదు. బంగ్లాదేశమునుండి చవుకసరకు దిగుమతి యగుచుండగా, 2017 జనవరిలో దానిపై ప్రత్యేక సుంకము విధింపవలసివచ్చెను. అంతకు పూర్వమే, 2009లో, చిట్టివలస మిల్లు మూతపడెను. నెల్లిమర్ల మిల్లు పలుమారులు మూతపడుచు, మరల తెరచుచు వచ్చెను. గోగు ఊరవేయుటకు నీరును, నార ఒలుచుటకు కూలీలును కరవై, రైతులలో అనేకులు మొక్కజొన్న వైపు మరలిరి.

ఇందు గమనింపదగిన దొకటి కలదు. మిల్లు కార్మికుని నేర్పు అంతయు ఒక మగ్గముతో ముడివడియుండెను. మగ్గము నిలిచిననాడు ఆ నేర్పునకు వెల లేకపోయెను. చేతికి ఒకే పని నేర్పి, ఆ పని యొక్క లెక్కను, వెలను, గమనమును నేర్పకపోయినచో ఇట్లే జరుగును.

ఇప్పుడు పలాసకు వత్తము. పలాస, కాశీబుగ్గలయందు జీడిపప్పు కర్మాగారములు వందలకొలది కలవు. పిక్కలను ఆవిరిలో ఉడికించి, చల్లార్చి, పెంకు కోసి, పప్పును ఎండబెట్టి, పొర తీసి, పరిమాణమునుబట్టి తరగతులుగా విడదీయుదురు. ఈ పనులలో అధికభాగము స్త్రీల చేతిపనిగా నడచినది. మన ప్రాంతమున పిక్కల కోత మార్చి మొదలు మే వరకే. కర్మాగారమో ఏడాది పొడవున నడవవలెను. అందుచేత ఐవరీ కోస్టు, ఘానా, బెనిన్ మొదలగు పశ్చిమాఫ్రికా దేశములనుండియు, ఏటి చివర టాంజానియా వైపునుండియు పిక్కలు ఓడలలో మన దేశమునకు వచ్చుచున్నవి. ఉద్దానపు రైతు తన బస్తాను అమ్మునప్పుడు ప్రక్కయూరి రైతుతోనేగాక, తాను ఎన్నడును చూడని ఆఫ్రికా రైతుతోను పోటీ పడుచున్నాడు.

2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను తీరము దాటినప్పుడు ఉద్దానమున జీడితోటలు, కొబ్బరితోటలు కూలిపోయినవి. జీడి అంటుమొక్క కాపునకు వచ్చుటకు సుమారు మూడేండ్లును, నిండుకాపునకు మరికొన్ని యేండ్లును పట్టును. కర్మాగారమునకు దిగుమతి పిక్క కలదు; తోట పోయిన రైతుకు అట్టి మారుదారి లేదు. దేశాంతర వ్యాపారము ఇద్దరికిని సమానముగా తోడ్పడదని దీనివలన తెలియును.

యంత్రముల సంగతియు అట్టిదే. వియత్నాము దేశమువారు పెంకు కోయుటకును, పొర తీయుటకును యంత్రములను విస్తారముగా నెలకొల్పి, 2006వ సంవత్సర ప్రాంతమున పప్పు ఎగుమతిలో మన దేశమును దాటిపోయిరి. ఇప్పుడు పెంకు కోయు యంత్రము, గాలితో పొర ఊడగొట్టు యంత్రము, కెమెరాతో రంగు కనిపెట్టి పప్పును వేరుచేయు యంత్రము మన దేశపు కర్మాగారములలోను ప్రవేశించినవి. జీడినూనె సోకి కమిలిన వ్రేళ్లకు యంత్రము విశ్రాంతి నిచ్చుట మేలే. కాని ఆ వ్రేళ్లు సంపాదించిన కూలి ఎక్కడికి పోవును? యంత్రమును నడుపుట, బాగుచేయుట, తేమ కొలుచుట, తరగతి నిర్ణయించుట, లెక్క వ్రాయుట, ధర కనుగొనుట యను పనులు ఇంకను మనుష్యులకే మిగిలియున్నవి. అవి చదువుతో కూడిన పనులు. పొర ఒలిచిన తల్లి బిడ్డకు ఆ పనులు అందునా, దూరమునుండి వచ్చిన వేరొకరికి అందునా యనునదే నేటి ప్రశ్న.

ఇక చదువుతో ఈ వ్యాపారమునకు గల సంబంధమును ఒక లెక్కచే చూపెదను. పిక్కలను 80 కిలోల బస్తా చొప్పున బేరమాడుట మన రైతులెల్లరు ఎరిగినదే. దేశాంతర వ్యాపారమునను బస్తా కొలత 80 కిలోలే. అయితే అక్కడ కొనువారు బస్తాను చూచి వెల కట్టరు. బస్తాలో ఎంత మంచి పప్పు కలదో చూచి కట్టుదురు. నమూనాగా 1 కిలో పిక్కలు తీసి, లెక్కించి, కోసి, పుచ్చులను తీసివేసి, మంచి పప్పును పొరతోనే తూచుదురు. మచ్చపడిన పప్పును సగముగా లెక్కింతురు. వచ్చిన తూకమును 80చే హెచ్చించి, పౌనులలోనికి మార్చుదురు. 1 పౌను 453.6 గ్రాములు.

ఒక రైతు నమూనాలో 270 గ్రాముల పప్పు వచ్చినదనుకొనుడు. బస్తాకు 21.6 కిలోలు, అనగా సుమారు 47.6 పౌనులు. వేరొక రైతు నమూనాలో 230 గ్రాములు వచ్చినచో, బస్తాకు 18.4 కిలోలు, అనగా సుమారు 40.6 పౌనులు. ఇరువురి బస్తాలు చూపునకు ఒక్కటే. లోపల భేదము 3.2 కిలోల పప్పు. పొరతోడి పప్పు కిలో 500 రూపాయలని లెక్కకొరకు అనుకొన్నచో బస్తాకు 1,600 రూపాయలు, పది బస్తాలకు 16,000 రూపాయలు. ఇరువురును ఒకే ధరకు అమ్మినచో, చెట్టు క్రింద పిక్కలేరి, బాగుగా ఎండబెట్టి, పచ్చిపిక్కను కలుపని రైతు శ్రమకు ఫలము ఎవరికి చేరినట్లు? కొనువాడు ఎరిగిన లెక్క అమ్మువాడు ఎరుగకుండుటయే ఇందలి నష్టము.

ఈ లెక్కయందు భాగహారము, నిష్పత్తి, దశాంశము, సగటు తప్ప వేరేమియు లేదు. ఇవన్నియు మన పిల్లలు బడిలో చదువుచున్నవే. పప్పు తరగతుల పేర్లలోను గణితమే కలదు: 320 అను తరగతి యనగా ఒక పౌనుకు 300 నుండి 320 వరకు తూగు నిండుపప్పు, 240 అనగా 220 నుండి 240 వరకు. అయినను ఆరవ తరగతి బాలుడు నిష్పత్తి లెక్కలు తప్పులేకుండ చేసి, ఇంటికి వచ్చి, తండ్రి బస్తాను లెక్కలేకుండ అమ్ముట చూచుచున్నాడు. బడికిని కళ్లమునకును నడుమ ఒక గోడ యున్నది.

ఆ గోడను యంత్రములు తమంతట తాము పడగొట్టునని కొందరి ఆశ. 2020లో మహమ్మారివలన బడులు మూతపడినప్పుడు దూరదర్శన్ సప్తగిరి వాహినిలో పాఠములు చెప్పిరి. తెలుగు ఒక పుటను, ఆంగ్లము ఎదుటి పుటను గల పాఠ్యపుస్తకములు వచ్చినవి. 2022 డిసెంబరులో ప్రభుత్వ పాఠశాలల ఎనిమిదవ తరగతి విద్యార్థులకు ట్యాబులు పంచిరి. ఇవి తృణీకరింపదగినవి కావు. పట్టణమునందలి మంచి ఉపాధ్యాయుని బోధ కొండప్రక్కనున్న బాలికకు అందుట చిన్న మేలు కాదు. కాని ట్యాబులోని పాఠము ఏ ఊరికైనను ఒక్కటే. ఉద్దానపు ఇసుకనేల, నాగావళి ఒడ్డున గల ఒండ్రునేల, సీతంపేట కొండవాలు దానికి తెలియవు. తెలియజేయవలసినవారు ఉపాధ్యాయులును, మనమును.

పెద్దల విషయమునను ఇట్లే జరుగుచున్నది. ప్రదర్శన క్షేత్రములకు వచ్చు రైతులు ఫోనులో చూచిన మందును, ఎరువు మోతాదును నాకు చూపి, వేయవచ్చునా యని అడుగుచుందురు. నేను తిరిగి మూడు ప్రశ్నలు వేయుదును: చెప్పినది ఎవరు? ఏ నేలకు చెప్పిరి? ఏ కాలమునకు చెప్పిరి? ఈ మూడింటికిని జవాబు దొరకని సలహాను ముందు రెండు సెంట్లలో పరీక్షింపక పొలమంతటను వేయరాదు. ఈ ప్రశ్నలు వేయుట నేర్చినవానికి ఫోను మంచి సేవకుడగును. నేర్వనివానికి అదియే యజమాని యగును.

పాఠము బిడ్డ యెరిగిన వస్తువునుండి, బిడ్డ మాటాడు మాటనుండి ఆరంభింపవలె నన్న సిద్ధాంతము మన సీమకు కొత్తది కాదు. శ్రీముఖలింగము చెంతనున్న పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై యుండి, సవరభాషను స్వయముగా నేర్చి, సవర బాలురకు వారి భాషలోనే పుస్తకములు వ్రాసి, బడులు నడిపిరి. వారి సవరభాషా వ్యాకరణము 1931లో వెలువడెను. నేడు సీతంపేట కొండలలో సవర కుటుంబములు జీడితోటలు పెంచుచు పిక్కలు అమ్ముకొనుచున్నవి. ఆ పిల్లలకు నిష్పత్తిని జీడిపిక్కతో, వారి మాటతో చెప్పినచో పంతులుగారి మార్గము నేటికిని సాగినట్లగును.

మన సహకార సంఘము ఇందు ఏమి చేయగలదు? టాంజానియా దేశపు జీడిరైతులు 2007 నుండి గిడ్డంగి రశీదు పద్ధతిని అవలంబించుచున్నారు. ప్రాథమిక సంఘము పిక్కలను తూచి, నాణ్యము చూచి, గిడ్డంగిలో చేర్చి రశీదు నిచ్చును. రాశిగా కూడిన సరకును వేలమున అమ్మును. చెల్లింపులు ఆలస్యమగుట మొదలగు చిక్కులు అక్కడను లేకపోలేదు. అయినను తూకమును, తరగతిని రైతుల సంఘమే ముందుగా ఎరిగియుండుట గొప్ప బలము. మన దేశమునను ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములను కంప్యూటరీకరించుటకు 2022 జూనులో కేంద్రప్రభుత్వము 2,516 కోట్ల రూపాయల పథకమును ఆమోదించెను. కంప్యూటరు వచ్చును, అందు నింపవలసిన సరియైన కొలతలను మాత్రము మనమే తీయవలెను.

కావున సంఘసభ్యుల ఆలోచనకు ఈ క్రింది పనులను సూచించుచున్నాను.

1. ప్రతి సంఘమును ఒక గ్రాముల త్రాసును, తేమ కొలుచు పరికరమును, చేతితొడుగులను కొని, పిక్కల కాలమున వారమునకు ఒకనాడు నమూనా పరీక్ష జరుపవలెను. కోయుపని పెద్దలే చేయవలెను. జీడినూనె చర్మమును కాల్చును గాన పిల్లలను దానికి దూరముగా నుంచవలెను.

2. తూచుట, లెక్కించుట, పలకపై వ్రాయుట మాత్రము పై తరగతుల పిల్లలచే, ఉపాధ్యాయుని సమ్మతితో, సెలవుదినమున చేయింపవలెను. వచ్చిన అంకెలే మరునాటి గణితపాఠమగును.

3. ఆ అంకెలను సంఘ కార్యాలయపు గోడపై ప్రకటింపవలెను. ఎవరి పిక్కలో ఎంత పప్పు కలదో తెలిసిన తరువాతనే, మంచి సరకు గలవారు కలసి బేరమాడవలెను.

4. ఫోనులో వచ్చిన సాగు సలహాలను సభ్యులు నెలకొకసారి సభలో చదివి, పైన చెప్పిన మూడు ప్రశ్నలను వేయవలెను. సందేహమున్నచో రైతు సేవా కేంద్రమునందు గాని, 1800-180-1551 సంఖ్యగల కిసాన్ కాల్ సెంటరునందు గాని, ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రమునందు గాని విచారింపవచ్చును.

5. కర్మాగారములలో పొర ఒలుచు పనిచేయు స్త్రీలకు సాయంకాలము లెక్కలు, త్రాసు, తరగతుల నిర్ణయము నేర్పుటకు సంఘ భవనమును ఇయ్యవలెను. యంత్రము వచ్చిన పిదప నేర్పుటకంటె ముందే నేర్పుట మేలు.

వీనికి పెద్ద ధనము అక్కరలేదు. త్రాసు వెల ఒక బస్తా పిక్కల వెలకు లోపుగానే యుండును. ఐవరీ కోస్టులో పంట ఎట్లుండునో, వియత్నాములో ఏ యంత్రము పుట్టునో మన చేతిలో లేదు. మన బస్తాలో పప్పు ఎంత యున్నదో తెలిసికొనుట మన చేతిలోనే యున్నది. రాబోవు మార్చిలో పిక్కలు రాలకముందే మీ సంఘ సర్వసభ్య సమావేశమున ఈ విషయమును చర్చించి, కనీసము మొదటి పనినైనను ఆరంభింపుడని కోరుచున్నాను.