గురకకు గొంతు సాధకము

ఇంటిలో పెద్దవారెవరైన గురక పెట్టినచో తక్కినవారికి అది వేళాకోళపు విషయము. కుంభకర్ణుని పేరు చెప్పుకొని నవ్వుకొందురు. గుర్రుపెట్టువాడు హాయిగా నిద్రించుచున్నాడని తలంతురు. ఈ తలంపును మేము పూర్తిగా ఒప్పుకొనజాలము. నిరపాయమైన గురక చాలమందికి ఉండును గాని, కొందరి గురక సుఖనిద్రకు గుర్తు కాదు. అది ఊపిరి కొరకు జరుగుచున్న పెనుగులాట.

ముక్కు వెనుకనుండి ఊపిరితిత్తులకు పోవు గాలిదారిలో దిగువభాగమైన శ్వాసనాళమునకు మృదులాస్థి కట్లు కలవు. అందుచే అది ముడుచుకొనిపోదు. పైభాగమునకు, అనగా మెత్తని అంగిలి, కొండనాలుక, నాలుక మొదలు ఉన్న చోటికి, అట్టి ఆసరా లేదు. దానిని తెరచి ఉంచు పని ముఖ్యముగా కండరములదే. మెలకువలో అవి బిగువుగా నుండును, నిద్రలో సడలును. దారి ఇరుకైనప్పుడు దూసికొనిపోవు గాలికి ఆ మెత్తని భాగములు అదరును. ఆ అదురే గురక. దారి బొత్తిగా మూసికొన్నచో గురక ఆగును, ఊపిరియు ఆగును. రొమ్ము ఎగసిపడుచునే యుండును. గాలి మాత్రము లోనికి పోదు. రక్తములో ప్రాణవాయువు తగ్గగా మెదడు ఉలికిపడి కండరములను మేల్కొలుపును. అప్పుడు పెద్ద శబ్దముతో ఊపిరి మరల వచ్చును. తెల్లవారిన పిదప ఆ మనిషికి ఇదేమియు జ్ఞాపకముండదు. పగలెల్ల కునుకుపాట్లు, తలనొప్పి, చిరాకు మాత్రము మిగులును.

10 సెకండ్లు లేక అంతకు మించి శ్వాస ఆగుటను, బాగుగా తగ్గుటను వైద్యులు లెక్కింతురు. పెద్దవారిలో గంటకు 5 మొదలు 15 వరకు స్వల్పము, 15 మొదలు 30 వరకు మధ్యమము, 30 మించినచో తీవ్రము.

కండరములు సడలుటయే కారణమైనచో వానికి సాధకము చేయించరాదా? ఈ ప్రశ్న కొందరు పరిశోధకులకును కలిగినది. ఆస్ట్రేలియా ఆదివాసుల డిడ్జరీడూ అను పొడవైన ఊదు వాద్యమును స్విట్జర్లాండులో 25 మందితో పరీక్షించి, 2006లో ఫలితమును ప్రకటించిరి. నాలుగు మాసములు ఊదినవారికి పగటి మత్తు తగ్గినది. (ఆ వాద్యమును మన వీధిలో అభ్యసించినచో ఇరుగుపొరుగువారు గురకయే మేలందురేమో!) బ్రెజిలు దేశపు సావోపాలో నగరములో 31 మంది మధ్యమస్థాయి రోగులను రెండు జట్లు చేసి, ఒక జట్టుచే నోటి, గొంతు వ్యాయామములు చేయించిరి. 2009లో వెలువడిన ఆ ఫలితము ప్రకారము, మూడు మాసములలో వారి లెక్క సగటున గంటకు 22 నుండి 14కు దిగినది. శరీరపు బరువు తగ్గకయే మెడ చుట్టుకొలత కొంత తగ్గినది.

ఆ వ్యాయామములకు పరికరము లేదు, ఖర్చు లేదు. నాలుక కొనను పైపండ్ల వెనుక అంగిలికి ఆనించి, వెనుకకు జరుపవలెను. పిదప నాలుకనంతను అంగిలికి అంటించి పైకి పీల్చి నొక్కవలెను. తరువాత నాలుక కొన క్రింది ముందుపండ్లకు తగిలియుండగా, నాలుక వెనుకభాగమును నోటి అడుగునకు అదుమవలెను. ఒక్కొక్కటి 20 మారులు. ఇక నోరు తెరచి ‘ఆ’ అని పలుకుచు మెత్తని అంగిలిని పైకెత్తుట ముఖ్యము. ఇదియు 20 మారులే. దీనిని అద్దము ముందు చేయుట మంచిది. కొండనాలుక పైకి లేచుట కనబడవలెను. అది కదలకున్నచో మనము ఊరక అరచుచున్నట్లే. శుభ్రమైన వ్రేలితో లోపలినుండి బుగ్గను వెలికి నెట్టుచు, బుగ్గ కండరముతో దానిని ఎదిరించుట ఇరుప్రక్కల పదేసి మారులు చేయవచ్చును. అన్నము రెండు దవడలతోను మార్చి మార్చి నమలవలెను. దినమునకు మూడు పూటలు, పూటకు ఎనిమిది నిమిషములు చాలును. కాని మూడు మాసములు విడువక చేయవలెను. వారములో విసుగుచెందువారికి దీనివలన లాభము లేదు.

ఇచ్చట ఒక మెలిక కలదు. 22 నుండి 14కు దిగుట మేలే గాని, 14 ఆరోగ్యము కాదు. చప్పుడు తగ్గి ఇంటివారు సుఖముగా నిద్రించుచుండగా, ఊపిరి మాత్రము ఆగుచునే యుండవచ్చును. కావున గురక తగ్గినదని పరీక్ష మానరాదు. తీవ్రస్థాయివారు ఈ సాధకమునే నమ్ముకొనరాదు. వారికి ముక్కు తొడుగు ద్వారా గాలిని ఒత్తిడితో పంపి దారిని తెరచి ఉంచు యంత్రము కలదు. సిడ్నీలో కొలిన్ సలివాన్ అను వైద్యుడు తన సహచరులతో కూడి 1981లో దీనిని లోకమునకు తెలిపెను. యంత్రము వాడుచున్నవారు వ్యాయామము నేర్చితిమని దానిని మూల పెట్టుట ప్రమాదము. పిల్లల గురకకు టాన్సిళ్ల వాపు తరచు కారణమగును. వారిని నేరుగా వైద్యునికి చూపవలెను. మద్యము, నిద్రమాత్రలు గొంతు కండరములను మరింత సడలించును. వెల్లకిల పరుండుటకంటె ప్రక్కకు ఒత్తిగిలుట చాలమందికి మేలు.

రాత్రి బండి నడపువారి ఇంటిలోను, రక్తపు పోటు మందులకు లొంగనివారి ఇంటిలోను గురకను వినుటకన్న గురక నడుమ నిశ్శబ్దమును వినుట ముఖ్యము. రెండు మూడు రాత్రులు మేలుకొని, శబ్దము ఆగిన తరువాత ఊపిరి రాకుండ ఎన్ని సెకండ్లు గడచినవో గడియారము చూచి కాగితముపై వ్రాసికొనవచ్చును. చేతి ఫోనులో ఆ శబ్దమును పట్టియుంచుట ఇంకను సులువు. వైద్యుని వద్దకు పోవునప్పుడు ఆ కాగితమును, ఆ శబ్దమును విన్న మనిషిని కూడ వెంట తీసికొనిపోవలెను.