ఇంట్లో ఆడియో క్యాసెట్ల భద్రత

ఆడియో క్యాసెట్టు శబ్దాన్ని అయస్కాంత ముద్రలుగా నిలువచేసే సాధనము. ఫిలిప్స్ సంస్థ దీనిని 1963లో బెర్లిన్ ప్రదర్శనలో ప్రవేశపెట్టింది. ఇందులోని పాలియెస్టరు టేపు వెడల్పు సుమారు 3.8 మిల్లీమీటర్లు. దానిపై ఐరన్ ఆక్సైడు వంటి పదార్థపు పొడిని జిగురుతో పూస్తారు. తేమ తగిలితే టేపుకు బూజు పట్టవచ్చు, జిగురు బలహీనపడి పొడి రాలవచ్చు. కావున క్యాసెట్టును దాని డబ్బాలోనే ఉంచి, పుస్తకము వలె నిలువుగా పేర్చాలి. లౌడుస్పీకరు పక్కన ఉంచరాదు.

'''ఏవి ఉంచాలి?'''

సినిమా పాటల క్యాసెట్టు పోయినా ఆ పాటలు చాలావరకు మరోచోట దొరుకుతాయి. ఇంట్లో రికార్డు చేసుకొన్న తాతగారి పద్యపఠనానికి, అమ్మమ్మ పాడిన మంగళహారతికి సాధారణంగా రెండవ ప్రతి ఉండదు. ముందుగా వీటినే కంప్యూటరులోకి ఎక్కించాలి. వాటిలోనూ 120 నిమిషాలవి మొదట. వాటి టేపు మరీ పలుచన, సులభంగా సాగుతుంది. ఎక్కించేముందు క్యాసెట్టు వెనుక అంచున ఉన్న రెండు ప్లాస్టిక్ బిళ్ళలను విరిచివేస్తే, పొరపాటున పాత గొంతుపై కొత్తది రికార్డు కాదు. డబ్బాలోని చీటీని పారవేయరాదు. పాడినవారి పేరు, తేదీ తరచు దానిమీదనే ఉంటాయి.

ఖాళీ డబ్బాలు సూదులు, గుండీలు దాచుకోవడానికి పనికివస్తాయి. పారవేసే టేపును కాల్చితే హానికరమైన పొగ వస్తుంది. విడిగా వదిలితే పునశ్శుద్ధి యంత్రాలకు చుట్టుకొంటుంది.