పాఠ ప్రణాళిక – తరగతి గది

ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలలో సూక్ష్మబోధన యను అభ్యాసము కలదు. ఇది 1963లో అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున రూపొందినది. మన దేశమున అనుసరించు పద్ధతిలో ఛాత్రోపాధ్యాయులు 6 నిమిషములు పాఠము చెప్పి, 6 నిమిషములు విమర్శ వినవలెను. 12 నిమిషములలో సవరించుకొని, మరల 6 నిమిషములు చెప్పి, మరల 6 నిమిషములు వినవలెను. వెరసి 36 నిమిషములు. అచట విద్యార్థులుగా కూర్చుండువారు తోటి ఛాత్రోపాధ్యాయులే గనుక ప్రశ్న వేసిన వెంటనే సమాధానము వచ్చును.

నిజమైన తరగతిలో అట్లు రాదు. 2014 నాటి జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి నిబంధనలు బి.ఎడ్. చదువును రెండేండ్లు చేసి, అందు 20 వారములు పాఠశాలకు కేటాయించుటకు కారణ మిదియే.

ఆంగ్లోపాధ్యాయురాలు కాదలచిన యువతి తొలినాడు ఆంగ్లమున ప్రశ్న వేయును. తరగతి మౌనము వహించును. తెలియదు కాబోలునని ఆమె ప్రతి వాక్యమునకు తెలుగు చెప్పివేయును. మరునాటి నుండి పిల్లలు ఆంగ్లమును వినుట మాని తెలుగు కొరకు కాచుకొని యుందురు. ఇంట ఆంగ్లము వినబడని పిల్లలకు పోయినది ఆ ఒక్క అవకాశమే.

ఆ మౌనము పెక్కుసార్లు తెలియమి కాదు, జంకు. ఒక నిమిషము వ్యవధి యిచ్చి, ప్రక్కవానితో చెప్పి చూచుకొమ్మన్నచో నోళ్లు విచ్చును. తెలుగును బహిష్కరింప నక్కరలేదు, తగినచోట వాడుకొనవలెను. తెలుగున క్రియ సాధారణముగ వాక్యాంతమున నిలుచును. ఆంగ్లమున అది కర్మకు ముందే వచ్చును. తెలుగు పదములు చాలవరకు అచ్చుతో ముగియును గనుక ‘బుక్’ అనవలసినది ‘బుక్కు’ అగుచున్నది. ఇది మాతృభాష నేర్పిన అలవాటేగాని మందబుద్ధి కాదు. దీనిని గుర్తించిన ఉపాధ్యాయుడు సరిదిద్దును, గుర్తింపనివాడు నవ్వును. నవ్వులపాలైన బాలుడు ఆ యేడు మరల నోరు విప్పుట అరుదు.

రేడియోలో ప్రసంగించు మాకు శ్రోత ముఖము కానరాదు. వ్రాసికొన్నది చదివి ముగింతుము. తరగతిలోని వారికి ఆ యిబ్బంది లేదు. ఎదుటి ముఖములను చూచి ప్రణాళికను నడుమనే మార్చుకొనవచ్చును. ఛాత్రోపాధ్యాయులు పాఠశాలలో ముఖ్యముగ నేర్చుకొనవలసిన దిదియే.

తల్లిదండ్రులును ఇందుకు తోడ్పడవచ్చును. బడినుండి వచ్చిన బిడ్డను “ఈనాడు ఆంగ్లమున ఏమి వ్రాసితివి?” అని కాక “ఏమి పలికితివి?” అని అడిగి చూడుడు.