శూర్పణఖయు హిడింబయు

మన యితిహాసములయందు రాక్షసస్త్రీలు పెక్కండ్రు గలరు. వారిలో నరుని వలచి, తమ వలపును తామే నోరార వెల్లడించినవారిలో శూర్పణఖ, అయోముఖి, హిడింబ ముఖ్యులు. మువ్వురును రాక్షసజాతివారే, మువ్వురు కోరినదియు నొకటియే. ఇద్దఱకు లభించినది యంగచ్ఛేదము; ఒకతెకు లభించినది కోడలి స్థానము. ఈ భేదమునకుఁ గారణము విచారింపఁదగియున్నది.

వికృతరూపమే కారణమని సామాన్యముగాఁ జెప్పుదురు. అరణ్యకాండము 17వ సర్గమున వాల్మీకి, రాముని సౌందర్యమున కెదురుగా శూర్పణఖ వికారముల నొక్కొక్కటిగా నిలిపి వర్ణించిన మాట నిజమే. కాని తమిళమున కంబకవి యామెను మనోహరాకారముతోఁ బ్రవేశపెట్టెను. రూపము మాఱినను దండన మాఱలేదు, పైఁగా నెక్కువయ్యెను. కాఁబట్టి రూపము హేతువు గాదు.

సీతపైఁ బడుటయే హేతువందమా? వాల్మీకికథలో ముక్కుచెవులు గోయుట యా పిమ్మటనే జరిగినది. అయితే దాక్షిణాత్యపాఠమున 69వ సర్గమందలి యయోముఖి లక్ష్మణునిఁ గౌఁగిలించి తనతో విహరింపుమని పిలిచినది. అచ్చట సీత లేదు. బలిమిఁ గౌఁగిలించుట తప్పే యైనను, ఆమె చెవులు, ముక్కు, చన్నులు గోయఁబడుట యా తప్పునకు మించిన శిక్ష.

రంగనాథరామాయణమున శూర్పణఖ తల్లియుఁ గూడ. ఆమె కుమారుఁడు జంబుకుమారుఁడు వెదురుపొదలోఁ దపము చేయుచుండ లక్ష్మణుని ఖడ్గమునకు బలియయ్యెను. విమలసూరి ప్రాకృతకావ్యమగు పఉమచరియమునను నిట్టి కథయే కలదు. పుత్రశోకముతో వచ్చిన తల్లి రాజకుమారులఁ జూచినంతనే శోకము మఱచి మోహించినదఁట! మాతృత్వమునుగూడ మ్రింగివేయు కామము స్త్రీకిఁ గలదను భయ మిచ్చటఁ గథారూపము దాల్చినది.

ఇఁక హిడింబ. భారతము ఆదిపర్వమున నామె భీముని వలవఁగా, నరుని గోరి కులమునకుఁ దలవంపులు తెచ్చితివని యన్నయే యామెను జంపఁబూనెను. అనఁగా నీ భయము రాక్షసులకును గలదు! భీముఁ డాతనిఁ జంపి యామెనుఁ గూడఁ జంపఁబోఁగా ధర్మరాజు వారించెను. హిడింబ కుంతి కంజలి ఘటించి తన కోరిక విన్నవించుకొనెను. పగలు విహరించి, సాయంకాలమునకు భీముని మరలఁ దేవలయునని ధర్మరాజు నియమించెను. పుత్రుఁడు గలుగువఱకే యని భీముఁడు గడువు పెట్టెను. ఆ పుత్రుఁడగు ఘటోత్కచుఁడు పాండవులకై ప్రాణములర్పించెను.

శూర్పణఖకు మగఁడు లేఁడు. విద్యుజ్జిహ్వుని రావణుఁడే చంపెనని యుత్తరకాండము చెప్పుచున్నది. అన్నదమ్ముల నతిక్రమించి వచ్చితినని యామెయే రామునితోఁ బలికినది. ఆమె కోరికకుఁ బెద్దల యనుమతి లేదు, గడువు లేదు, వంశప్రయోజనము లేదు. హిడింబ కోరికకో యీ మూఁడును సమకూరినవి.

కావున రాక్షసత్వము గోళ్లయందును గోఱలయందును లేదు. ఒరుల యనుజ్ఞకు లోఁబడని స్త్రీవాంఛకే కవులు గోళ్లను గోఱలను దొడిగిరి. లోఁబడినదానికి వానిని దొలఁగించిరి. ముక్కుచెవులు గోయుటను హాస్యఘట్టముగాఁ బఠించువా రీ సంగతిని మనసున నుంచుకొనుట యుక్తము.