కుంటుతున్న కుక్కపిల్ల: ముందుకాలి లోపాన్ని గుర్తించేదెలా?

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ అడవుల్లో భద్రతా బలగాల గస్తీ బృందం కదిలితే, చాలాసార్లు అందరికంటే ముందు నడిచేది కుక్కే. మట్టిలో పూడ్చిన మందుపాతరను వాసనతో పసిగట్టడం దాని పని. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ సరిహద్దులోని కర్రెగుట్టల్లో జరిగిన ఆపరేషన్‌లో తేనెటీగల దాడికి ప్రాణాలు కోల్పోయిన రోలో అలాంటిదే. సీఆర్పీఎఫ్‌కు చెందిన ఆ రెండేళ్ల బెల్జియన్ షెపర్డ్ బెంగళూరు సమీపంలోని తరళు శిక్షణ కేంద్రంలో పని నేర్చుకుంది.

ఇలాంటి పనికి ముక్కు ఒక్కటే చాలదు. రాళ్లు, వాగులు, గుట్టలు దాటగల కాళ్లు కావాలి. ఆ కాళ్లు ఎలా ఉండబోతాయన్నది పుట్టిన తొలి ఏడాదిలోనే చాలావరకు తేలిపోతుంది. ఇది బలగాల కుక్కలకే పరిమితమైన విషయం కాదు. కోంటా, భోపాలపట్నం వైపు పల్లెల్లో మేకల వెంట తిరిగే ఊరకుక్కకూ, జగదల్‌పూర్‌లో ముద్దుగా పెంచుకునే జర్మన్ షెపర్డ్‌కూ వర్తిస్తుంది.

నాలుగైదు నెలల పిల్ల ముందుకాలు మోపకుండా కుంటడం మొదలుపెడితే సాధారణంగా వినిపించే మాటలు రెండు. ఒకటి, "ఎక్కడో తగిలి ఉంటుంది, అదే తగ్గిపోతుంది." రెండోది, "కాల్షియం తక్కువైంది." రెండూ కొన్నిసార్లు నిజమే. అయితే మరికొన్నిసార్లు, తగ్గుతుందని ఎదురుచూసిన వారాల్లోనే కాలు వంకర తిరుగుతుంది. అవసరం లేని చోట వేసిన కాల్షియం మాత్రలే ఎముకను చెడగొడతాయి. అందుకే మందు కంటే ముందు కారణం తెలియాలి.

బరువు మోసేవి ముందుకాళ్లే

నిలబడి ఉన్న కుక్క శరీర బరువులో సుమారు 60 శాతం ముందుకాళ్ల మీదే ఉంటుంది. తల, మెడ, ఛాతీ అటువైపే ఉండటం దీనికి కారణం. పైగా మనిషికి ఉన్నట్లు కుక్క భుజాన్ని మొండెంతో కలిపే ఎముకల కీలు లేదు. కండరాలే ఊయలలా మొండేన్ని రెండు ముందుకాళ్ల మధ్య వేలాడదీసి ఉంచుతాయి. పరుగులో, దూకి నేల మీద దిగడంలో కలిగే అదురును ఆ కండరాలు, వాటి కింద ఉన్న మోచేయి, మణికట్టు కీళ్లు భరించాలి.

నొప్పి ఏ కాలిలో ఉందో తెలుసుకోవడానికి ఇక్కడే ఒక చక్కని గుర్తు దొరుకుతుంది. నొప్పి ఉన్న ముందుకాలు నేలను తాకగానే కుక్క తలను పైకి ఎత్తుతుంది. అలా ఆ కాలి మీద పడే భారాన్ని తగ్గించుకుంటుంది. బాగున్న కాలు మోపినప్పుడు తల కిందికి దిగుతుంది. తల దిగినప్పుడు మోపిన కాలే చెడ్డదని చాలామంది పొరబడతారు. అసలు సంగతి దానికి తిరగేసి ఉంటుంది.

ఎదిగే ఎముకలో సున్నితమైన చోటు

పిల్ల ఎముక పొడవు పెరిగేది మధ్యలో కాదు, చివరల దగ్గర ఉండే పలుచని మృదులాస్థి పొరల్లో. వీటిని గ్రోత్ ప్లేట్లు అంటారు. ఇక్కడ కణాలు వరుసలుగా విభజన చెంది, పెరిగి, చివరికి ఎముకగా గట్టిపడతాయి. పెరుగుదల పూర్తయ్యాక ఈ పొరలు మూసుకుపోతాయి. అంతవరకూ ఎముకలో బలహీనమైన భాగాలు ఇవే. పెద్ద కుక్కలో కీలు బెణికించే దెబ్బ, పిల్లలో గ్రోత్ ప్లేటును నలిపేయవచ్చు.

మోచేతికీ మణికట్టుకీ మధ్య రేడియస్, అల్నా అనే రెండు ఎముకలు పక్కపక్కనే ఉంటాయి. రెండూ ఒకే వేగంతో పెరగాలి. అల్నా పొడవులో సుమారు 85 శాతం మణికట్టు దగ్గరున్న ఒకే ఒక్క గ్రోత్ ప్లేటు నుంచి వస్తుంది. కుక్కల్లో ఆ ప్లేటు చదునుగా కాకుండా శంకువు ఆకారంలో ఉంటుంది. దీంతో పక్కనుంచి తగిలిన దెబ్బ కూడా దాన్ని పక్కకు జరపదు, నొక్కేస్తుంది. నలిగిన కణాలు పెరగడం మానేస్తాయి.

అప్పుడు అల్నా ఆగిపోతుంది, రేడియస్ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. విల్లుకు కట్టిన నారిలా పొట్టిగా మిగిలిన అల్నా పెరిగే రేడియస్‌ను లాగి పట్టుకుంటుంది. ఫలితంగా రేడియస్ ముందుకు వంగుతుంది, పాదం బయటికి తిరుగుతుంది, మోచేయి కీలు అమరిక తప్పుతుంది. దెబ్బ తగిలిన రోజు ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోవచ్చు. మృదులాస్థి ఎక్స్‌రేను పెద్దగా అడ్డుకోదు కాబట్టి గ్రోత్ ప్లేటు ఫిల్మ్ మీద నల్లటి గీతలా మాత్రమే కనిపిస్తుంది. ఆ గీత లోపలి కణాలు బతికి ఉన్నాయో లేదో దాన్ని చూసి చెప్పలేం. అందుకే బండి తగిలిన లేదా ఎత్తు నుంచి పడిన పిల్లకు రెండు నుంచి నాలుగు వారాల తర్వాత మళ్లీ ఎక్స్‌రే తీయాలి.

తొందరగా గుర్తిస్తే అల్నాలో చిన్న ముక్క తొలగించి ఆ పట్టు వదిలిస్తారు. ఇంకా పెరిగే వయసుంటే రేడియస్ కొంతవరకు తనంతట తానే సరిదిద్దుకుంటుంది. ఎదుగుదల ముగిశాక వస్తే వంగిన ఎముకను కోసి, తిప్పి అమర్చాల్సి వస్తుంది. అది చాలా పెద్ద శస్త్రచికిత్స.

ఒకే కుంటు, వేర్వేరు కారణాలు

పిల్ల వయసు, నొప్పి ఉన్న చోటు తెలిస్తే అనుమానాల జాబితా చాలావరకు కుదించుకుపోతుంది.

రెండు, మూడు నెలల పిల్లల్లో మణికట్టు వెనక్కి జారినట్లు లేదా ముందుకు ముడుచుకున్నట్లు కనిపించడం ఉంది. నొప్పి పెద్దగా ఉండదు. సమతుల ఆహారం ఇచ్చి, నున్నటి గచ్చు మీద కాకుండా కాలు జారని నేల మీద నడవనిస్తే చాలామటుకు కొన్ని వారాల్లో సర్దుకుంటుంది.

మూడు నుంచి ఆరు నెలల మధ్య, వేగంగా పెరిగే పెద్ద జాతి పిల్లల్లో రెండు మణికట్ల పైభాగం వాచి, వేడిగా ఉండి, జ్వరంతో పిల్ల లేవలేకపోతే హెచ్‌ఓడీ అనే ఎముక వ్యాధిని అనుమానిస్తారు. ఎక్స్‌రేలో గ్రోత్ ప్లేటుకు సమాంతరంగా మరో నల్లటి గీత కనిపించడం దీని గుర్తు. దీన్ని ఆలస్యం చేయకూడదు.

నాలుగు నుంచి ఎనిమిది నెలల మధ్య భుజాన్ని వెనక్కి చాపినా, ముందుకు లాగినా పిల్ల మూలిగితే భుజం కీలులో మృదులాస్థి ముక్క ఊడివచ్చే ఓసీడీ కావచ్చు. అదే వయసులో మోచేతిని పూర్తిగా మడిచినప్పుడు బాధపడితే మోచేయి సరిగా రూపొందని ఎల్బో డిస్‌ప్లేసియా వైపు చూడాలి. జర్మన్ షెపర్డ్‌లో మోచేతి వెనుక ఉండే ఒక చిన్న ఎముక కొన సుమారు 20 వారాల వయసుకల్లా అల్నాతో కలిసిపోవాలి. ఆ తర్వాత కూడా విడిగా ఉంటే అది లోపమే.

అయిదు నెలల నుంచి ఏడాదిన్నర వరకు, ఈ వారం ఒక కాలు, కొన్ని వారాలకు మరో కాలు కుంటితే పానోస్టైటిస్ గుర్తుకు రావాలి. పొడవాటి ఎముక నడుమ నొక్కితే నొప్పి ఉంటుంది. ఎక్స్‌రేలో మజ్జ భాగం తెల్లటి మబ్బు కమ్మినట్లు ఉంటుంది. ఇది బాధిస్తుంది కానీ దానంతటదే తగ్గుతుంది. పానోస్టైటిస్ ఉన్న పిల్లకు ఓపిక మేలు చేస్తుంది, అల్నా ఆగిపోయిన పిల్లకు అదే ఓపిక కీడు చేస్తుంది. రోగనిర్ధారణ ఎందుకు కావాలో ఈ తేడాయే చెబుతుంది.

పరీక్ష ఎలా సాగుతుంది?

పశువైద్యులు ముందుగా పిల్లను ముట్టుకోరు. నడిపించి, నెమ్మదిగా పరుగెత్తించి చూస్తారు. తర్వాత కాలి వేళ్ల నుంచి మొదలుపెట్టి పైకి వెళతారు. పాదంలో ముల్లు, చీలిన గోరు, వేళ్ల మధ్య పుండు ఉన్నాయేమో చూడటం మొదటి పని. అడవి దారుల్లో తిరిగే కుక్కల్లో కుంటుకు అసలు కారణం అదే కావచ్చు. ఆ తర్వాత ఒక్కో కీలును విడిగా మడిచి, చాపి, రెండో కాలితో పోలుస్తారు. ఒక కీలును కదుపుతూ పై కీలును కూడా కదిపితే నొప్పి ఎక్కడిదో తెలియదు. ఉదాహరణకు మోచేతిని చాపినప్పుడు భుజం కూడా కదులుతుంది.

ఎక్స్‌రే ఎదురునుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి తీయాలి. బాగున్న కాలికి కూడా తీయడం వృథా కాదు. ఆ వయసులో ఆ పిల్ల ఎముక ఎలా ఉండాలో చూపే కొలమానం అదే. మోచేయి లోపలి చిన్న ముక్కలు ఇతర ఎముకల నీడలో దాక్కుంటాయి కాబట్టి వాటికి సీటీ స్కాన్ మెరుగు.

కాల్షియం: తక్కువైనా ముప్పే, ఎక్కువైనా ముప్పే

కుక్కపిల్ల ఆహారంలో కాల్షియం, భాస్వరం దాదాపు సమానంగా, కాల్షియం కాస్త ఎక్కువగా ఉండాలి. ఎముక లేని మాంసంలో భాస్వరం కాల్షియం కంటే 15 నుంచి 20 రెట్లు ఎక్కువ. ఒట్టి అన్నంలోనూ కాల్షియం చాలా తక్కువ. ఇలాంటి తిండి మీదే పెరిగిన పిల్ల శరీరం రక్తంలో కాల్షియం నిలపడానికి సొంత ఎముకలనే కరిగిస్తుంది. ఎముకలు పలచబడి చిన్న దూకుకే విరుగుతాయి. బస్తర్ ఇళ్లలో కాచే మండియా పేజ్, అంటే రాగి అంబలి, ఈ విషయంలో అన్నం కంటే మేలు. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. అయితే పలుచని అంబలి ఒక్కటే పిల్లకు చాలదు. గుడ్డు, చేప, మాంసం వంటి మాంసకృత్తులు తోడవ్వాలి.

ఎండలో తిప్పితే ఎముకలు గట్టిపడతాయన్న మాట మనుషులకు నిజం, కుక్కలకు కాదు. కుక్క చర్మంలో విటమిన్ డి తగినంత తయారుకాదని నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు 1994లో చూపించారు. అది తిండి నుంచే రావాలి.

అటు ఎక్కువైనా చిక్కే. చిన్న పిల్లల పేగు అదనపు కాల్షియాన్ని అడ్డుకోలేదు, వచ్చినదాంట్లో పెద్ద భాగాన్ని లోపలికి తీసుకుంటుంది. నెదర్లాండ్స్‌లోని యుట్రెక్ట్‌లో హేజ్‌విన్‌కెల్ బృందం 1980లలో గ్రేట్ డేన్ పిల్లలకు అవసరానికి సుమారు మూడు రెట్ల కాల్షియం ఇచ్చి చూసింది. మృదులాస్థి ఎముకగా మారడం గాడి తప్పి, ఎముకల పెరుగుదల లోపాలు వచ్చాయి. పెద్ద జాతి పిల్లలకు తయారుచేసిన ఆహారం ఇప్పటికే పెడుతూ, పైన కాల్షియం సిరప్ పోయడం అందుకే ప్రమాదం.

ఇంట్లో ఉన్న నొప్పి మాత్రలూ అంతే. మనుషుల ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కడుపులో పుండ్లు పెట్టి మూత్రపిండాలను దెబ్బతీయగలవు. డైక్లోఫెనాక్ ముప్పు బస్తర్‌కు మరో విధంగానూ తెలిసినదే. ఆ మందు వాడిన పశువుల కళేబరాలు తిని రాబందులు చనిపోతున్నాయని తేలాక, 2006లో దేశంలో పశువైద్యానికి దాన్ని నిషేధించారు. బీజాపూర్ జిల్లాలోని ఇంద్రావతి టైగర్ రిజర్వ్ పరిసరాలు నేటికీ రాబందులకు ఆవాసం.

దూరం ఎక్కువైతే

జగదల్‌పూర్ నుంచి రాయపూర్ సుమారు 300 కిలోమీటర్లు. రాష్ట్రంలోని పశువైద్య కళాశాల దానికి ఇంకా అవతల, దుర్గ్ దగ్గర అంజోరాలో ఉంది. కోంటా వైపు వారికి భద్రాచలం దగ్గర. ఎటు వెళ్లినా ఒక రోజు పని పోతుంది. కాబట్టి బయలుదేరే ముందు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. పిల్ల ఎదురుగా వస్తున్నప్పుడు, పక్కగా నడుస్తున్నప్పుడు ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీయాలి. వారానికోసారి రెండు ముందుకాళ్లనూ ఒకే చోటు నుంచి ఫొటో తీసి పోల్చాలి. వయసు, కుంటు మొదలైన రోజు, పెట్టే తిండి రాసిపెట్టుకోవాలి. స్థానిక పశువైద్యులకు వీటిని పంపినా ప్రయాణం ఎంత తొందరగా కావాలో వారు చెప్పగలరు.

కాలు అసలే మోపకపోయినా, జ్వరం లేదా వాపు ఉన్నా, పాదం బయటికి తిరుగుతున్నట్లు ఫొటోల్లో తేడా కనిపించినా ఆగకూడదు. ఇవేవీ లేని కుంటు కూడా రెండు వారాలు దాటితే చూపించాల్సిందే. మనిషి బిడ్డకు ఎముకలు పెరగడానికి పదిహేనేళ్లకు పైగా సమయం ఉంది. కుక్కపిల్లకు ఉన్నది దాదాపు ఒక్క ఏడాదే. ఆ లెక్కన దానికి ఒక నెల ఆలస్యమంటే మన పిల్లలకు ఏడాదికి పైగా ఆలస్యం చేసినట్లే.